చిన్న యూనిట్ వాళ్ళం, అగ్రిమెంటు లాయర్‌కి చూపించడం అవసరమా? ఎట్లాంటి లాయర్‌ని పట్టుకోవాలి?

చీమకుర్తి పాలిష్

అందరికీ నమస్తే. నాది చీమకుర్తి దగ్గర చిన్న గ్రానైట్ యూనిట్, ఒక కట్టరు, ఒక పాలిషింగ్ మిషను, నాతో కలిపి తొమ్మిది మందిమి. ఇన్నాళ్ళూ పెద్ద ఫ్యాక్టరీలకి జాబ్‌వర్క్ చేసుకుంటా, ఖాళీ ఉన్నప్పుడు లోకల్‌గా మెట్లు, వంటగది బండలు కోసి ఇచ్చుకుంటా నెట్టుకొచ్చాం. కాగితం మీద సంతకం పెట్టిన పాపాన పోలేదు, ఫోన్లో రేటు మాట్లాడుకోవడం, లారీ ఎక్కించడం, డబ్బులు వాళ్ళకి బుద్ధి పుట్టినప్పుడు రావడం, అంతే.

ఇప్పుడు బెంగళూరు బిల్డర్ కంపెనీ ఒకటి వచ్చి సరుకు చూసుకోని పోయింది, ఏడాది పాటు నెలనెలా గెలాక్సీ స్లాబులు కావాలంట. రేటు బానే ఉంది. కాకపోతే 14 పేజీల అగ్రిమెంటు పీడీఎఫ్ పంపి వారంలో సంతకం పెట్టి పంపమంటున్నారు. నేను డిప్లొమా చదివినోడినే, ఇంగ్లీషు రాదని కాదు, కానీ ఒక్కో వాక్యం అర పేజీ ఉంది, మొదలు గుర్తుంటే చివర గుర్తుండట్లా. నాకు అర్థమైన కాడికి ఇవి గుచ్చుకుంటున్నయి: సరుకు ఎప్పుడైనా, వాళ్ళకి నచ్చకపోతే చాలు, తిప్పి పంపొచ్చంట. డబ్బులు 90 రోజులకి. నేను లేటు చేస్తే వారానికి 2 శాతం కోత. తగాదా వస్తే వాళ్ళ ఎండీ పెట్టిన మనిషే బెంగళూరులో కూర్చోని తీర్పు చెప్తాడంట. అగ్రిమెంటు అయిపోయినాక కూడా 3 ఏళ్ళు వేరే బిల్డర్లకి నేను అమ్మకూడదంట. ఇయ్యన్నీ కాక సెక్యూరిటీకి రెండు సంతకం చేసిన ఖాళీ చెక్కులు.

అసలు భయం మొదటిదే. గెలాక్సీ గురించి తెలిసినోళ్ళకి చెప్పక్కర్లా, నల్ల రాయిలో ఆ బంగారు చుక్క బ్లాకు బ్లాకుకీ మారతది, ఒక్కోసారి ఒకే బ్లాకులో ఈ పక్క చుక్క ఒత్తుగా, ఆ పక్క పలచగా ఉంటది. ఆ రాయిని నేను పుట్టించలా గదా.

మా మామ ఏమో ఒంగోలులో మన పొలం కేసు గెలిపించిన ప్లీడరు గారున్నారు ఆయనకి చూపించు అంటాడు. రిజిస్ట్రారాఫీసు దగ్గర డాక్యుమెంట్ రైటర్ చూస్తాడులే అని ఇంకొకరు. ఫోన్లో ఏఐని అడిగితే ఫ్రీగా చెప్పిద్ది కదరా అని ఫ్రెండు. లాయర్‌కి ఎంత అవ్వుద్ది, అసలు ఏమని అడగాలి? ఎవరైనా చేయించుకున్నోళ్ళుంటే చెప్పండన్నా.

పొదలకూరు నిమ్మ

నాయనా, నేను నిమ్మకాయల వ్యాపారంలో ముప్పై ఏళ్ళకి పైబడి ఉండా. ఢిల్లీ దాకా లోడ్లు పంపినా. ఒక్క అగ్రిమెంటు లేదు, మాట మీదే. లాయరు దగ్గరికి పోయినోడు వ్యాపారం చేసుకోలేడు, వాయిదాలు చేసుకుంటాడు. అవతలోడు మంచోడైతే కాగితం అక్కర్లా, చెడ్డోడైతే కాగితం ఆపదు.

కాకపోతే ఒకటి చెప్తా. మాట మీద అంటే ఉట్టి గాలి మాట కాదు. ప్రతి లోడుకీ చీటీ, డ్రైవర్ సంతకం, దిగినాక అవతలి గుమస్తా "ఇన్ని బస్తాలు ముట్టినాయి" అని రాసిన చీటీ, అన్నీ కట్టలు కట్టి అటక మీద ఉండాయి. ఒకసారి ఒకాయన సరుకు కుళ్ళిపోయిందని ఎగ్గొట్టబోతే వాళ్ళ గుమస్తా రాసిన చీటీయే ముందర పెట్టినా, మారు మాట్లాడకుండా ఇచ్చినాడు. ఖాళీ చెక్కులు మాత్రం చస్తే ఇవ్వబాక.

ఏరియేటర్ అబ్బాయ్

పెద్దాయన చెప్పింది ఆయన వ్యాపారానికి కరెక్టే, నిమ్మకాయ రెండ్రోజుల్లో తేలిపోద్ది. ఏడాది కాంట్రాక్టు, 90 రోజుల అప్పు అంటే కథ వేరే సామీ. నాది చెప్తా, కొంచెం పెద్దగా ఉంటది, ఓపిక పట్టండి.

నేను ఇందుకూరుపేట పక్క రొయ్యల చెరువులకి ఏరియేటర్లు, అంటే నీళ్ళలోకి గాలి ఎక్కించే మిషన్లు, అద్దెకిస్తా, గేర్‌బాక్సులు రిపేరు చేస్తా. మొదట్లో నేను కూడా తెలివి చూపించా, నెట్‌లో ఒక రెంటల్ అగ్రిమెంటు దించుకోని పేర్లు మార్చి 100 రూపాయల స్టాంపు పేపర్ మీద ప్రింటు తీసి నోటరీ స్టాంపు కొట్టించి వాడేసినా. ఒకాయన అరవై ఎకరాలు లీజుకి తీసుకోని నా దగ్గర మిషన్లు పెట్టుకున్నాడు. రెండో పంటకి రొయ్యకి వైట్‌స్పాట్ రోగం కొట్టింది, ఉన్నకాడికి ఎమర్జెన్సీ పట్టుబడి చేసి రాత్రికి రాత్రి మనిషి మాయం. నేను మిషన్ల కోసం పోతే భూమి ఓనరు గేటుకి తాళం వేసి "నాకు లీజు బాకీ ఉంది, చెరువులో ఉన్నయి అన్నీ నావే" అన్నాడు. నా అగ్రిమెంటు తీసి చూపించా. ఆయన కొడుకు చదువుకున్నోడు, చదివి నవ్వినాడు, ఎందుకంటే ఆఖరి పేజీలో ఈ అగ్రిమెంటుకి డెలావేర్ రాష్ట్ర చట్టం వర్తిస్తుంది అని ఉంది. అమెరికాలో ఉందంట అది. ఇందుకూరుపేట చెరువులో మిషన్లకి డెలావేర్ చట్టం! ఇప్పటికీ మా బావమరుదులు నన్ను డెలావేర్ అనే పిలుస్తారు.

మిషన్లు వచ్చినయి లే, సగం తుప్పు పట్టినాక. ఆ తర్వాత నెల్లూరులో ఒక లాయర్ దగ్గరికి పోయినా. మొదట కలిసిన పెద్దాయన నా కాగితం తిప్పి కూడా చూడకుండా "రాసిచ్చేద్దాం, 15 వేలు" అన్నాడు. వద్దులే అని వచ్చేసినా. రెండో మనిషి చిన్న వయసే, ఆఫీసు కూడా ఒక రూమే, కానీ గంట సేపు ప్రశ్నలే: మిషను ఎవరు దించుతారు, కరెంటు హెచ్చుతగ్గులకి మోటారు కాలితే ఎవరిది, పంట పోతే అద్దె ఆగుద్దా, చెరువు ఓనరూ లీజుదారుడూ ఒకరేనా వేరా. చివరి ప్రశ్న దగ్గర నాకు దిమ్మ తిరిగింది, నా కొంప ముంచింది అదే కదా. ఆయన మూడు పేజీల అగ్రిమెంటు తెలుగులోనే రాసిచ్చినాడు, దాంట్లో భూమి ఓనరు కూడా సంతకం పెట్టాలి, మిషన్లు నావని, ఎప్పుడొచ్చినా తీసుకుపోనిస్తానని. 6 వేలు తీసుకున్నాడు, రసీదు ఇచ్చినాడు. నాలుగేళ్ళుగా అదే కాగితం పేర్లు మార్చి వాడుకుంటా ఉండా.

కాబట్టి తమ్ముడూ, నీ రాయి గురించి ప్రశ్నలు అడిగే లాయర్‌ని పట్టుకో. చుక్క అంటే ఏందయ్యా అని అడగనోడు ఆ రిజెక్షన్ క్లాజు ఏం మారుస్తాడు.

చీమకుర్తి పాలిష్

డెలావేర్ అన్నా 😀 సారీ, నవ్వు ఆగట్లా. మరి మామ చెప్పిన పొలం ప్లీడరు గారి సంగతి ఏం చేద్దును, ఇంటికి పెద్ద ఆయన, కాదంటే నొచ్చుకుంటారు.

నల్లకోటు ఒంగోలు

నేను వృత్తిరీత్యా అడ్వకేటునే. ముందే చెప్తున్నా, నా నంబరు అడగొద్దు, ఇన్‌బాక్స్‌లోకి రావద్దు. బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం మేము ప్రచారం చేసుకోకూడదు. ఎవరైనా లాయర్ పేరుతో యాడ్ కనిపిస్తే అక్కడే ఒక అనుమానం పెట్టుకోండి.

పొలం ప్లీడరు గారిని వదులుకోవద్దు, ఆయన్నే అడగండి, "సార్, కంపెనీ అగ్రిమెంట్లు చూసే వాళ్ళు మన బార్‌లో ఎవరున్నారు" అని. మాకు ఎవరు దేంట్లో గట్టి అనేది తెలుసు, ఆయన గౌరవమూ పోదు. పార్టిషన్ (ఆస్తి పంపకాల) దావాల్లో పులి లాంటి సీనియర్లు కొంతమంది సప్లై అగ్రిమెంటు మొహం చూసి ఏళ్ళయి ఉంటది, అది వాళ్ళ తప్పు కాదు. డాక్యుమెంట్ రైటర్‌కి సేల్ డీడ్ ఫార్మాట్లు బాగా వచ్చు, ఇది ఆయన పని కాదు. ఏఐ విషయానికొస్తే, అది మీ పీడీఎఫ్‌ని తెలుగులో అర్థమయ్యేట్టు చెప్పిద్ది, అంతవరకు వాడుకోండి, కానీ రేపు తేడా వస్తే దాన్ని పట్టుకోని నిలదీయలేరు. బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఉన్న మనిషి అయితే జవాబుదారీ ఉంటది.

ఇప్పుడు మీ క్లాజులు. మొత్తం చదవకుండా చెప్తున్నా కాబట్టి దీన్నే సలహా అనుకోని సంతకం పెట్టొద్దు.

మూడేళ్ళు వేరేవాళ్ళకి అమ్మకూడదు అనేది అగ్రిమెంటు ముగిసినాక మామూలుగా నిలబడదు, 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్. అగ్రిమెంటు నడిచే కాలంలో మాకే అమ్ము అంటే మాత్రం చెల్లొచ్చు, ఆ తేడా చూసుకోండి. ఎండీ పెట్టిన ఆర్బిట్రేటర్ (కోర్టు బయట తగాదా తీర్చే మనిషి) ఒక్కడే తీర్పు చెప్పడం, ఇది 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు కుదరదన్నది, 2024 నవంబరులో ఐదుగురు జడ్జీల బెంచి కూడా ఒక పార్టీ ఏకపక్షంగా ఒక్క ఆర్బిట్రేటర్‌ని పెట్టడం చెల్లదనే చెప్పింది. అయినా కంపెనీలు పాత ఫార్మాట్లు అట్లాగే పంపుతుంటాయి. చెల్లదు కదా అని సంతకం పెట్టేయకండి, చెల్లదని తేల్చుకోవడానికి మీరే బెంగళూరు తిరగాలి. లేటు కోతకి ఒక సీలింగు అడగండి, ఎన్ని వారాలైనా బిల్లులో 5 శాతం మించకూడదు అనో ఎంతో. క్వారీ ఆగిపోయినా, కరెంటు లేకపోయినా లేటు మీ ఖాతాలో పడకూడదని కూడా రాయించుకోండి.

ఖాళీ చెక్కుల మాట పొదలకూరు పెద్దాయన చెప్పిందే ఫైనల్. ఖాళీగానే ఇచ్చా, వాళ్ళే నింపుకున్నారు అని తర్వాత ఎంత మొత్తుకున్నా సంతకం మీదైతే బాకీ లేదని నిరూపించే బరువు మీ నెత్తిన పడిద్ది, 2019లోనే బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది. అయినా సరుకు ఇచ్చేది మీరు, అప్పు పెట్టేది మీరు, సెక్యూరిటీ మీరివ్వడం ఏంది అసలు?

స్టాంపు గురించి కూడా ఒక మాట, ఏరియేటర్ గారి పోస్టు చూసినాక చెప్పాలనిపించింది. స్టాంపు పేపర్, నోటరీ ఉంటే అగ్రిమెంటుకి ప్రాణం వచ్చిద్దనుకుంటారు మనోళ్ళు. లోపల రాసింది చెత్తయితే పైన ఏ స్టాంపు ఉన్నా చెత్తే. అట్లాగని స్టాంపు లేకుండా వదిలేయొద్దు, సరిపోను డ్యూటీ కట్టని కాగితాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు, తర్వాత కట్టాలంటే పెనాల్టీ పదింతల దాకా పోవచ్చు.

ఫీజు ఇంత అని నేను చెప్పను. కానీ పోయినప్పుడు మూడు పనులు వేరేవని గుర్తుపెట్టుకోని అడగండి. చదివి మార్కు చేసి చెప్పడం ఒక పని, మార్చి రాయడం ఇంకో పని, అవతలి లాయర్‌తో మాట్లాడటం ఇంకోటి. మీకు ముందు మొదటిది చాలు. అవతలి కంపెనీకి మీరు పని చేస్తున్నారా సార్ అని అడగండి, అడగడానికి మొహమాటపడకండి, అది మేము మీకు చెప్పాల్సిన విషయమే. వసూలైన దాంట్లో ఇంత శాతం ఇవ్వు అనే లాయర్ కనిపిస్తే లేచి వచ్చేయండి, మా రూల్స్‌లో అది నిషేధం.

బ్యాలెన్స్ షీట్

సీఏ ఆఫీసులో పని చేస్తా. లాయర్ గారు ఒక పెద్ద పాయింటు నాకు వదిలేశారు, థాంక్స్ సార్.

చీమకుర్తి బ్రో, ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమ అని కేంద్రం దగ్గర నమోదు, ఉందా? లేకపోతే సంతకానికి ముందే చేయించు, ఆన్‌లైన్లో ఫ్రీ, డబ్బులు అడిగే సైట్లకి పోవద్దు. సంతకమయ్యాక చేయించుకుంటే నీకు వర్తించదు అనే వాదన పెడతారు. 2006 ఎంఎస్ఎంఈ (చిన్న పరిశ్రమల) చట్టం ప్రకారం మైక్రో, స్మాల్ యూనిట్ దగ్గర కొన్నోళ్ళు ఎంత రాసుకున్నా 45 రోజుల్లో కట్టాల్సిందే, ఏమీ రాసుకోకపోతే 15 రోజులే. 90 రోజులు అని అగ్రిమెంట్లో ఉన్నా 45 దాటితే వడ్డీ నడుస్తుంది, ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఇంకా నీకు పనికొచ్చేది, సరుకు దిగిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే దిగిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. నీ "ఎప్పుడైనా తిరస్కరిస్తాం" క్లాజు ముందర ఈ 15 రోజుల మాట పెట్టి చూడు.

డబ్బులు ఆగితే బెంగళూరు పోనక్కర్లేకుండా మన రాష్ట్రంలోనే చిన్న యూనిట్ల బాకీల తగాదాలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో ఆన్‌లైన్లో కేసు వేయొచ్చు. కౌన్సిల్ నీ వైపు తీర్పు ఇస్తే కంపెనీ వాళ్ళు కోర్టుకి పోవాలన్నా ఆ తీర్పు మొత్తంలో 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి. రేపే డబ్బులు పడతాయని చెప్పట్లా, టైం పడుతుంది, కానీ ఆ పేరు చెప్తే కంపెనీ అకౌంట్స్ వాళ్ళ గొంతు మారుద్ది, నేను చూశా. ఎందుకంటే 2023-24 ఆర్థిక సంవత్సరం లెక్కల నుంచి ఇన్‌కంటాక్స్‌లో ఒక రూలొచ్చింది, మైక్రో, స్మాల్ వాళ్ళకి గడువు దాటించిన బిల్లు నిజంగా కట్టిన ఏడాదే ఖర్చు కింద చూపించుకోవాలి. ప్రతి బిల్లు మీద ఉద్యం నంబరు కొట్టు.

ఒక్క తిరకాసు. ఇది తయారీ, సర్వీసు వాళ్ళకే. ఉట్టి కొని అమ్మే ట్రేడర్‌కి ఉద్యం ఉన్నా ఈ లేటు పేమెంటు రక్షణ రాదు. నువ్వు కోసి పాలిష్ చేస్తావు కాబట్టి రిజిస్ట్రేషన్‌లో తయారీ అని సరిగ్గా పడేట్టు చూసుకో.

కొయ్య గరిటె

ఉదయగిరి సైడు మేము ఆడవాళ్ళం గ్రూపుగా చెక్క గరిటెలు, స్పూన్లు చేస్తాం. అన్న అడిగిన దాంట్లో నాకు చెప్పగలిగింది ఒకటే, లాయర్ ఫీజుకి భయపడే వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే జిల్లా కోర్టులో లీగల్ సర్వీసెస్ వాళ్ళుంటారు. ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచితం, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. మాకు ఒక షాపు వాళ్ళు సాంపిళ్ళ డబ్బులు ఎగ్గొడితే నెల్లూరు పోయి అర్జీ పెట్టినాం, పిలిపించి మాట్లాడినారు, లోక్ అదాలత్‌లో సెటిల్ అయింది, కోర్టు ఫీజు కూడా లేదు. బస్సు ఛార్జీలే మా ఖర్చు.

చీమకుర్తి పాలిష్

పది రోజులైంది, ఏమైందో చెప్దామని వచ్చా.

మామ చేతే ప్లీడరు గారికి ఫోన్ చేయించా, ఆయన అసలు నొచ్చుకోలా, "నాకు ఆ కంపెనీ కాగితాలు తలనొప్పిరా, ఫలానా అమ్మాయి దగ్గరికి పో" అని ఒక లేడీ అడ్వకేట్‌ని చెప్పారు. మేడం గారు మొదట అగ్రిమెంటు పట్టుకోలా, నేను తీసుకెళ్ళిన రెండు చిన్న ముక్కలు పట్టుకున్నారు, ఒత్తు చుక్కది ఒకటి, పలచ చుక్కది ఒకటి. కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుగులో అటూ ఇటూ తిప్పి, "ఈ రెండిటి మధ్యలో ఏది వచ్చినా వాళ్ళు తీసుకోవాలా?" అన్నారు. అవును మేడం అన్నా. "అయితే ఇదే రాద్దాం" అని, రెండు ముక్కల వెనకా ఇద్దరి సంతకాలు, చెరొక జత దగ్గర పెట్టుకోవాలి, సరుకు ఆ రెండిటి మధ్యలో ఉంటే చుక్క వంకతో రిజెక్టు చేయకూడదు, పగుళ్ళు, మందం తేడా ఉంటే మాత్రం దిగిన 7 రోజుల్లోపు ఫోటోతో రాసి పంపాలి అని నాలుగు లైన్లు రాశారు. నేను వారం రోజులు నిద్ర లేకుండా తలకాయ పగలగొట్టుకున్న దానికి నాలుగు లైన్లు. లారీలో పగిలితే ఎవరిదిరా అని కూడా అడిగారు, అది నాకు తట్టనే లేదు, అగ్రిమెంట్లో ఎక్కడా లేదు.

ఉద్యం ఆ రోజే అయిపోయింది. మార్పులన్నీ ఒక్క పేజీ మెయిల్‌లో పెట్టి పంపాం. బెంగళూరు వాళ్ళు మూడు రోజులు ఉలకలా పలకలా, నాకేమో ఆర్డరు పోయిందిరా బాబూ అని కడుపులో తిప్పింది, మా ఆవిడ కూడా ఎందుకొచ్చిన లాయర్లు అని ఒక రౌండు వేసుకుంది. నాలుగో రోజు వాళ్ళ పర్చేజ్ ఆయన ఫోన్. చుక్క శాంపిళ్ళకి ఓకే. 45 రోజులకి ఓకే, అది వెంటనే ఒప్పుకున్నారు, బ్యాలెన్స్ షీట్ అన్న చెప్పిన రూలు వాళ్ళకి ముందే తెలిసినట్టుంది. కోతకి 5 శాతం సీలింగు ఓకే. మూడేళ్ళ క్లాజు తీసేశారు. ఆర్బిట్రేటర్ ఇద్దరూ ఒప్పుకున్న మనిషి, కాకపోతే బెంగళూరులోనే అంటున్నారు, మేడం వద్దు అంటే నేనే పోనీలెమ్మన్నా. ఖాళీ చెక్కుల మీద మాత్రం ఇంకా పట్టుబడుతున్నారు, అందరికీ అంతేనంట.

మేడం చదివి మార్కు చేసినందుకు 5 వేలు, ఆ మెయిల్ రాసినందుకు ఇంకో 2 వేలు తీసుకున్నారు. ఒక స్లాబు పగిలితే పోయే డబ్బులంత కూడా లేదు.

చెక్కుల సంగతి ఎవరైనా దాటించుకున్నోళ్ళుంటే చెప్పండి, సోమవారం మళ్ళీ ఫోన్ చేస్తామన్నారు.

పొదలకూరు నిమ్మ

చెక్కు బుక్కు ఇంట్లో మీ ఆవిడకి ఇచ్చేసి, "నా దగ్గర లేదు సార్" అని చెప్పు నాయనా. నేను ముప్పై ఏళ్ళుగా అదే చేస్తుండా.

నల్లకోటు ఒంగోలు

పెద్దాయన దగ్గర నేను జూనియర్‌గా చేరాలేమో. దాంతో పాటు ఇదీ అడిగి చూడండి: చెక్కుల బదులు మొదటి రెండు లోడ్ల బిల్లులో కొంత శాతం వాళ్ళ దగ్గర ఆపుకోని ఏడాది చివర ఇస్తాం అంటే ఒప్పుకుంటారా అని. మేడం గారిని అడిగి, తేదీ వేసి రాయించుకోండి.

చీమకుర్తి పాలిష్

రెండూ ట్రై చేస్తా సార్. ముందు నిమ్మకాయల తాతది.